తెల్ల కాగితాల దొంతర

కాగితం ముట్టుకునే ముందు ఆమె కుడిచేతి బొటనవేలి మీద ఊదుకునేది. తర్వాత దాన్ని ఏప్రన్‌కు తుడుచుకునేది. బైండింగు గదిలో ముప్పై ఏళ్లుగా అదే వరస. పొడవాటి బల్ల మీద పేజీల దొంతరలు ఉంటాయి. బల్ల వెంట నడుస్తూ ఒక్కో దొంతరలోంచి ఒక్కో కాగితం తీయాలి. చివరికి చేరేసరికి చేతిలో ఒక పుస్తకం ఉంటుంది.

ఆమెకు చదువు రాదు. అయినా బొమ్మల కథలు గీసే ఆయన పుస్తకాలను నడుస్తూ నడుస్తూనే చదివేసేది. ఆయన మాటలు తక్కువ రాసేవాడు.

"ఈ గడిలో గిన్నె బల్ల అంచున ఉంది. పక్క గడిలో పిల్లి పరిగెడుతోంది. గిన్నె పడినట్టు మీరు గీయనే లేదు. నాకు చప్పుడు వినబడింది," అంది ఒకసారి, ఆయన ప్రెస్సుకు వచ్చినప్పుడు.

"వినబడిందా? అయితే నా కష్టం ఫలించినట్టే అక్కా," అని నవ్వాడు. దగ్గు వచ్చి నవ్వు సగంలో ఆగింది.

ఆ రోజే ఆమె తన కూతురి సంగతి చెప్పింది. ఎందుకు చెప్పిందో ఆమెకే తెలియదు. తొమ్మిదేళ్ల పిల్ల. ఆస్పత్రిలోనే పోయింది.

"తలుపు తెరిచారు. ఆ తర్వాత నాకు గుర్తున్నది ఇంట్లో కంచాలు కడగడం. మధ్యలో ఏమీ లేదు. అంతా తెల్లగా ఉంది."

ఆయన చేతిలో టీ చల్లారిపోయింది.

ఏడాది తర్వాత ఆయన కొత్త పుస్తకం బల్ల మీదికి వచ్చింది. అప్పటికి ఆయన మంచం పట్టాడు.

"త్వరగా కానీ పెద్దమ్మా. ఆయన కళ్లు తెరిచి ఉండగా ఒక్క కాపీ అయినా అందాలి," అన్నాడు బైండింగు మేస్త్రి. "పేజీలన్నీ వచ్చేశాయి."

ఆ గదిలో ఒక పద్ధతి ఉంది. ఏ పేజీ అచ్చు కాలేదో దాని చోట తెల్ల కాగితాల దొంతర పెడతారు. అన్నీ వచ్చాక దాన్ని తీసేస్తారు. బల్ల మధ్యలో తెల్ల దొంతర కనబడింది. తీసి అరలో పెట్టింది. మిగిలిన వాటిని దగ్గరికి జరిపింది. ఈసారి బొమ్మలు చూడలేదు. ఆయనకు త్వరగా అందాలనే చూడకుండా నడిచింది.

మూడు వందల పుస్తకాలు పూర్తయ్యాయి. ఆయన భార్య ఒకటి పట్టుకెళ్లింది. మర్నాడు సాయంత్రం దాన్ని తిరిగి తెచ్చింది.

"ఒక పేజీ దగ్గర ఆగిపోయారు. ముందుకు తిప్పారు, వెనక్కి తిప్పారు. తెల్ల పేజీ ఏదీ అన్నారు. అక్కని అడుగు, తనకి తెలుస్తుంది అన్నారు."

ఆమె వేలి మీద ఊదుకుని పుస్తకం తెరిచింది. ఆస్పత్రి తలుపు తెరుచుకుంటోంది. పేజీ తిప్పింది. ఒక తల్లి కంచాలు కడుగుతోంది. రెండో కంచం చిన్నది.

ఆ రెండు పేజీల మధ్య వేలు పెట్టింది.

"నేనే తీసేశాను," అంది.

"కట్టలు కట్టేశాం," అన్నాడు మేస్త్రి. "ఖాళీ కాగితం కోసం మళ్లీ విప్పుతామా? పేజీలకు నంబర్లు కూడా లేవు. ఎవడు కనిపెడతాడు? నోరు మూసుకుని ఇంటికి పో పెద్దమ్మా."

"ఆయన కనిపెట్టారు కదా."

మేస్త్రి దీపాలు ఆర్పేశాడు.

"రేపు పొద్దున్నే ఒకటి సరిచేసి ఇస్తానమ్మా," అంది ఆమె వాకిట్లో. ఆయన భార్య తల ఊపింది.

తెల్లవారాక ఆమె బైండింగు గది మెట్ల మీద కూర్చుని ఉంది. మేస్త్రి తాళాలతో వచ్చాడు. ఆమె ముఖం చూడకుండా తలుపు తెరిచాడు.

"తెల్లవారుజామున పోయారట. ఇంక ఎవరి కోసం చెప్పు?"

ఆమె లోపలికి వెళ్లి జిగురు కలిపింది. అరలోంచి తెల్ల దొంతర దించింది. మొదటి కట్ట తాడు కోసింది. మేస్త్రి వద్దనలేదు, సాయానికీ రాలేదు. ఆమె బొటనవేలి మీద ఊదుకుని, ఆస్పత్రి తలుపు బొమ్మ దగ్గర పుస్తకం విప్పి, అంచున సన్నగా జిగురు రాసి తెల్ల కాగితం అతికించింది. మధ్యాహ్నానికి నలభై అయ్యాయి.