తెలుగు ప్రకటన మీది బొమ్మ

2009 మార్చిలో నన్ను పోర్ట్ బ్లెయిర్ నుంచి నికోబార్ దీవులకు తిరిగే ప్రయాణికుల నౌక మీద రేడియో ఆఫీసరుగా వేశారు. అప్పటికే మా ఉద్యోగానికి రోజులు దగ్గర పడ్డాయి. ఉపగ్రహ పరికరాలు వచ్చాక బ్రిడ్జిలో, అంటే నౌకను నడిపే గదిలో, ఉండే డెక్ ఆఫీసర్లే మీట నొక్కి సందేశం పంపేస్తున్నారు. హోదా ప్రకారం నేను నేరుగా కెప్టెన్‌కే జవాబుదారీని. భుజాల మీద పట్టీలున్నాయి, గది ఉంది, పని మాత్రం లేదు. ఊరికే కూర్చోబెట్టి జీతం ఇస్తున్నట్టు కనిపించకుండా ప్రయాణికులకు వినిపించే మైకు వ్యవస్థను నాకు అప్పగించారు.

వైర్‌లెస్ గది బ్రిడ్జి వెనక ఉంటుంది. అనుమతి లేకుండా ఎవరూ లోపలికి రాకూడదని తలుపు మీద రాసి ఉండేది. రాయకపోయినా ఎవరూ వచ్చేవారు కాదు. నాకు పెళ్లి కాలేదు. ఒడ్డున, పోర్ట్ బ్లెయిర్‌లో డైరీ ఫార్మ్ అనే పేటలో ఒక అద్దె గది, సముద్రం మీద ఈ గది. ఒంటరితనం అలవాటైపోతుందని సర్వీసులో పెద్దవాళ్లు అనేవారు. నాకైతే కాలేదు.

ఆ గది సర్దుతుంటే అట్టపెట్టెలో పాత ప్రకటనల క్యాసెట్లు దొరికాయి. వాటిని వినిపించే యంత్రం ఉప్పుగాలికి ఎప్పుడో చెడిపోయింది. అప్పటినుంచి ఎవరో ఒకరు మైకు పట్టుకుని హిందీలో అరవడమే. నేను ఆ క్యాసెట్లన్నిటినీ ఒడ్డున ఒక షాపులో జేబులో పట్టే మ్యూజిక్ ప్లేయర్‌లోకి ఎక్కించి, ఒక తీగతో యాంప్లిఫయర్‌కు కలిపాను. చిక్కల్లా పేర్లతో వచ్చింది. తెలుగులోనో హిందీలోనో పేరు పెడితే ఆ ప్లేయర్ అక్షరాల బదులు ఖాళీ గళ్లు చూపించేది. ఇంగ్లీషులో పెడితే చిన్న తెర మీద సగమే పట్టేది. నౌక ఊగుతున్నప్పుడు కళ్లజోడు సర్దుకుని ఆ సగం పేరు చదవడం నా వల్ల కాదనిపించింది.

అందుకని బొమ్మలు పెట్టాను. పాటల క్యాసెట్ మీద అట్ట ఉన్నట్టే, ఈ ప్లేయర్లలో ప్రతి పాటకూ ఒక ముఖచిత్రం జతచేయవచ్చు. అది పాట ఫైలులోనే దాగి ఉండి, పాట మొదలవగానే తెర మీదికి వస్తుంది. భోజనం వేళ ప్రకటనకు పళ్లెం, రేవు చేరే ప్రకటనకు జెట్టీ, భద్రతా ప్రకటన హిందీలోదానికి లైఫ్‌బోటు, ఇంగ్లీషుదానికి ఈల. అదే ప్రకటన తెలుగులోదానికి ఏం పెట్టాలో తోచలేదు. బొమ్మ లేకపోతే యంత్రం తనంతట తాను ఒక బూడిదరంగు స్వరం గుర్తు చూపిస్తుంది. దాన్నలాగే వదిలేశాను.

నౌక హార్బరు దాటాక ప్రయాణికులందరూ లైఫ్ జాకెట్ వేసుకుని తమకు కేటాయించిన చోట నిలబడాలి. దీన్ని మస్టర్ అంటారు. ప్రకటన అయ్యాక ఆఫీసర్లు తిరిగి చూసి కెప్టెన్‌కు చెబుతారు. నా మొదటి ప్రయాణంలో హిందీ, ఇంగ్లీషు అయ్యాక తెలుగు ప్రకటన వేశాను. ఎవరిదో నిదానమైన గొంతు, ఉత్తర కోస్తా యాస. కంగారు పడొద్దంది, పిల్లల చేతులు వదలొద్దంది. చివర్లో రూలు పుస్తకంలో లేని ముక్క ఒకటి: "చీర నలిగిపోద్దని జాకెట్టు మానేయకండి. నలిగితే ఇస్త్రీ చేసుకోవచ్చు." డెక్ మీద అర్థమైనవాళ్లు నవ్వారు.

కాసేపటికి గుమ్మం దగ్గర ఒక స్త్రీ నిలబడి ఉంది. నలభై దాటి ఉంటాయి. జాకెట్ వేసుకోలేదు. ఇక్కడికి రాకూడదని చెప్పబోయాను.

"ఆ గొంతు మీకెక్కడ దొరికింది సార్?" అని అడిగింది.

క్యాసెట్ సంగతి చెప్పాను.

"ఆయన మా ఆయన సార్. ఇదే షిప్‌లో పర్సర్."

పర్సర్ అంటే ప్రయాణికుల టికెట్లూ బెర్తులూ చూసే ఆఫీసరు. ఆయన పేరు అప్పలరాజు, ఆమె సత్యవతి. నికోబార్ దీవుల దక్షిణపు కొసన ఉన్న కాంప్‌బెల్ బే బడిలో టీచరు. సునామీ నాడు ఆమె ట్రైనింగు కోసం పోర్ట్ బ్లెయిర్‌లో ఉంది. ఇల్లు చూసుకోవడానికి ఆయన సెలవు పెట్టి అక్కడి క్వార్టర్స్‌లో ఉన్నాడు. ఆ రోజు ఈ నౌక నడిసముద్రంలో ఉంది. లోతు నీళ్లలో ఆ అల వచ్చిందీ పోయిందీ తెలియదు. నౌక మీదివాళ్లకు ఏమీ కాలేదు.

"డ్యూటీలో ఉంటే బతికేవారు" అందామె, పాఠం చెప్పినట్టు. ఆ తర్వాత ఈ నౌక ఎన్నోసార్లు ఎక్కిందట. క్యాసెట్ యంత్రం చెడిపోయి ఉంది కాబట్టి ఆయన పోయాక ఆ గొంతు వినడం మాత్రం అదే మొదలు.

మళ్లీ ఎప్పుడు వేస్తారని అడిగింది. ప్రయాణికులు ఎక్కే ప్రతి రేవు తర్వాతా వేయాలని చెప్పాను. కార్ నికోబార్ దాటాక వచ్చి నిలబడింది. కమోర్టా దాటాకా వచ్చింది. నేను తలుపు మీది బోర్డు చూడనట్టు నటించాను. అప్పుడే ఆమె కళ్లు తెర మీద పడ్డాయి.

"అన్నిటికీ బొమ్మలున్నాయి. ఆయనకే లేదేం సార్?"

ఆయన ఫొటో ఇస్తే పెడతానన్నాను.

"నా కాడా లేదండి. ఇంట్లో సామాన్ అంతా పోయింది. గొంతొక్కటే, అదీ మీ కాడే ఉంది."

ఆ గొంతును ఆమె ఫోనులో వేసి ఇస్తానన్నాను. నియమాల ప్రకారం ఇవ్వకూడదు, అయినా ఇచ్చేవాణ్ణి. ఆమె వద్దంది.

"ఇంట్లో ఏం చేసుకోను సార్? ఇంట్లో లైఫ్ జాకెట్టు వేసుకోమని ఎవరికి చెప్తారాయన? ఇక్కడే ఉండనీండి. ఇక్కడైతే ఆయనకి పనుంటది."

పని లేని మనిషిని నేను. ఆ మాట నాకు తగిలింది.

వేసవి సెలవులు అయ్యాక ఆమె తిరిగి ఎక్కింది. ఈసారి ప్రకటన కాగానే జాకెట్ తగిలించుకుని నా దగ్గరికి వచ్చింది. చీర కుచ్చిళ్లన్నీ పైకి లాగుకుపోయి, తాడు ముడి పడక చిరాగ్గా ఉంది. "ఆ చీర మాట నాకోసం అన్నదే సార్. ఒక్కనాడూ ఇది వేసుకునేదాన్ని కాదు. అందరిముందూ మైకులో పెట్టేశారు. ఆయన బొమ్మ లేదు కదా, ఆయన మాట విన్నదాని బొమ్మ పెట్టండి." మస్టర్ స్థలంలో నిలబెట్టి ఫొటో తీశాను.

గదిలోకి వచ్చి ఆ ఫొటో జతచేస్తే తెర మీద మళ్లీ బూడిదరంగు గుర్తే వచ్చింది. తిరిగి పోర్ట్ బ్లెయిర్ చేరాక అబర్డీన్ బజార్‌లో ఒక కంప్యూటర్ షాపుకు వెళ్లాను. షాపతను అదే ఊళ్లో జంగ్లీఘాట్ పేటలో పుట్టి పెరిగిన తెలుగువాడు.

"అంకుల్, మీ మెషీన్ ఛోటా, ఫొటో బడా. ఇంత పెద్దది అది తీసుకోదు. చౌకోర్, అంటే చదరంగా కట్ చేసి సైజు తగ్గిస్తా, తర్వాత చూడండి" అన్నాడు. పని చేస్తూ మళ్లీ అన్నాడు: "ఆంటీ గుస్సాలో ఉన్నారు. వేరే ఫొటో లేదా?"

లేదన్నాను. ఆ తర్వాత తెర మీద ఆమె వచ్చింది. తపాలా బిళ్ల కంటే కాస్త పెద్ద బొమ్మ, నారింజరంగు జాకెట్, నలిగిన చీర. ఆ గొంతు మాట్లాడుతున్నంతసేపూ ఆమె అక్కడ నిలబడి ఉండేది. ఆమె లేని ప్రయాణాల్లో కూడా. నిజం చెప్పాలంటే ఆ గదిలో నాకు ఎదురుగా ఉన్న ముఖం అదొక్కటే.

కొన్నాళ్లకు కార్యాలయం నుంచి కొత్త ప్రకటనల సీడీ వచ్చింది. హిందీ, ఇంగ్లీషు మాత్రమే. పాతవన్నీ తీసేయాలని ఉత్తర్వు. నేను కెప్టెన్ దగ్గరికి వెళ్లి, ప్రయాణికులకు అర్థమయ్యే భాషలో చెప్పాలన్నది నిబంధన అని గుర్తుచేశాను. తెలుగు తప్ప రానివాళ్లు ఈ నౌకలో ఎవరున్నారని ఆయన అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. ఆ ప్రయాణికుల్లో తెలుగు మనిషి సత్యవతి ఒక్కతే. ఆమెను బ్రిడ్జికి పిలిపించి, హిందీ అర్థమవుతుందా అని అడిగాడు. అబద్ధం చెప్పమని మనసులో ఆమెను బతిమాలుకున్నాను.

"అర్థమవుతుంది సాబ్" అందామె మంచి హిందీలో. "కానీ హిందీలో చెబితే నేను జాకెట్ వేసుకోను."

కెప్టెన్ నా వైపు చూశాడు. నేను విషయం చెప్పాను, క్లుప్తంగా, రిపోర్టు ఇచ్చినట్టు. ఆయన మస్టర్ పుస్తకం తెరిచాడు. జాకెట్ వేసుకోని ప్రయాణికురాలితో మస్టర్ పూర్తయిందని సంతకం పెట్టలేనని, కాబట్టి ఆమె నౌకలో ఉన్నప్పుడు తెలుగు ప్రకటన వేయాలని, మిగతా ప్రయాణాల్లో అక్కర్లేదని ఆదేశించాడు.

అలా ఆ ప్రకటన ఒక్క మనిషి కోసం నడిచింది. నౌకంతా వినిపించినా వినవలసింది ఆమె ఒక్కతే. తర్వాత ఆమెకు పోర్ట్ బ్లెయిర్‌కు బదిలీ అయింది. ఆఖరి ప్రయాణంలో కమోర్టా దాటాక వేశాను. డెక్ మీద ఆమె తాడు బిగించి కట్టుకోవడం పైనుంచి చూశాను. నా దగ్గరికి రాలేదు. రావలసిన పని కూడా లేదు.

నేను పదవీ విరమణ చేసేటప్పుడు ప్లేయర్‌ను నా తర్వాతి అతనికి అప్పగించాను. బొమ్మలన్నీ చూసి, జాకెట్ వేసుకున్న ఈమె ఎవరని అడిగాడు. తెలుగు ప్రకటన అన్నాను. ఎప్పుడు వేయాలన్నాడు. కావలసినవాళ్లు ఎక్కితే వేయమన్నాను.

భద్రతా ప్రకటన గుంపుకు చెప్పేది అనుకుంటాం. కాదు. ఎవరికి వాళ్లకు, తమకే చెప్పినట్టు వినపడితేనే మనిషి జాకెట్ అందుకుంటాడు. నేను నేర్చుకున్నది ఇదీ. నా సర్వీసంతా రూలు ఉంది కాబట్టి జాకెట్ వేసుకున్నాను. ఆమె ఒకరు చెప్పారు కాబట్టి వేసుకుంది.