దొరసాని తోటలో గంగవావిలికూర

అడిలైడ్‌లో చదువుకునే రోజుల్లో మా ఇంటి ఓనరు ఆంటీది తెనాలి. పాత రాతి బంగళాల వాళ్లు ఏడాదికోసారి తమ తోటలు చూడనిచ్చినప్పుడల్లా ఆవిడ నన్ను వెంటబెట్టుకుని వెళ్లేవారు. ఎంత గొప్ప తోటలోనైనా ఆవిడ మాట ఒక్కటే: "బ్యూటిఫుల్లే గానీ, కూరకి పనికొచ్చేది ఒక్కటీ లేదమ్మా!"

ఒకచోట మాత్రం, పీకి పడేసిన కలుపులో గంగవావిలికూర చూసి అక్కడే చతికిలబడ్డారు. తోట యజమానురాలైన ముసలి దొరసాని సిగ్గుపడిపోయింది.

"సారీ, అది చెత్త."

"నో నో, వెరీ టేస్టీ! పప్పులో వేస్తాం," అంటూ ఆంటీ సంచీ నింపుకున్నారు.

మరుసటి ఏడు ఆ దొరసాని గులాబీల మధ్య గంగవావిలిని పీకకుండా పెంచింది. "మీ ఆంటీ కోసమే," అని నాతో మురిపెంగా చెప్పింది.

అంతలో వెనకాలే వచ్చిన ఆంటీ ఆ మడి చూసి నా చెవిలో అన్నారు: "బాగా ముసలిదైపోయింది పాపం, కలుపు కూడా తీయించలేకపోతోంది."