మాస్టారి డిస్కు

దెయ్యాల కబుర్లు మొదలైతే నేను లేచి టీకి వెళ్లిపోయే రకం. భయపడి కాదు, విసుగొచ్చి. దర్శిలో ఏళ్ల తరబడి కంప్యూటర్లు బాగుచేస్తున్నాను. "దానంతట అదే ఆగిపోయిందండి" అన్న ప్రతి మెషీన్ వెనకా ఒక లూజు కాంటాక్టో, కస్టమరు దాచిన నిజమో దొరికింది. ఈ ఒక్కచోటే ఏమీ దొరకలేదు.

విండోస్ ఎక్స్‌పి వచ్చి రెండుమూడేళ్లయిన రోజులవి. మా టౌనుకి దగ్గర్లోని ఒక పల్లెలో ఏసురత్నం మాస్టారని ఉండేవారు. బడిలో లెక్కలు చెప్పేవారు, చర్చిలో పాటలు పాడేవారు. ఆయన ఇంట్లో ఉన్న పాత విండోస్ 98 కంప్యూటర్ నేను అమ్మిందే. గుండెపోటుతో పోయారని తెలిసి బాధపడ్డాను. బేరమాడని కస్టమరు ఆయనొక్కరే.

ఆయన పోయిన సంవత్సరానికి, ఏప్రిల్ ఆఖర్లో, ఆయన భార్య మార్తమ్మగారు కబురు చేశారు. వచ్చే ఆదివారం ఆయన జ్ఞాపకార్థ కూడిక. మాస్టారు బడిలోని కొత్త కంప్యూటర్లో తన పాటలన్నీ రికార్డు చేసుకుని ఒక ఎక్స్‌టర్నల్ డిస్కులో పెట్టుకున్నారట. ఇంటికి తెచ్చి ఆమెకు వినిపించేలోపే పోయారు. బడికి సెలవులు, కంప్యూటర్ గదికి తాళం. ఇంట్లో కంప్యూటరేమో డిస్కుని గుర్తించడం లేదు. కూడికలో ఆయన గొంతు వినపడాలి. ఆమె కోరిక అంతే.

నేను డిస్కుని గుర్తుపట్టించే డ్రైవర్ ప్రోగ్రాం ఉన్న ఫ్లాపీ జేబులో వేసుకుని, గంట పని అనుకుని వెళ్లాను.

పొద్దున పదకొండయింది. ఇంటి ముందు ఎండుమిరపకాయల రాశి చుట్టూ అయిదారుగురు ఆడవాళ్లు కూర్చుని తొడిమలు తీస్తున్నారు. మార్తమ్మగారూ వాళ్లలోనే ఉన్నారు. ఆ ఘాటుకి నేను గుమ్మం దాటేలోపు నాలుగుసార్లు తుమ్మాను.

ఫ్లాపీ పెట్టి డ్రైవర్ ఎక్కించాను. డిస్కు లైటు వెలిగింది, లోపల తిరుగుతున్న చప్పుడు కూడా వచ్చింది. స్క్రీన్ మీద మాత్రం డిస్కు బొమ్మ రాలేదు. రెండో పోర్టులో పెట్టాను. అడాప్టర్ ప్లగ్గు మార్చాను. రీస్టార్టు చేశాను. రాలేదు. కేబులు మీద అనుమానం వచ్చింది. దాన్ని కదపకుండా పట్టుకోవడానికి ఇంకో మనిషి కావాలి.

మార్తమ్మగారిని పిలిస్తే గుమ్మంలోనే ఆగిపోయారు.

"వద్దు బాబూ. కాయలు తీసిన చేతులియ్యి. ఆయన ఊరుకోడు."

పోయిన మనిషి గురించి అలా అంటుంటే నాకు జాలేసింది. తర్వాత తెలిసింది, ఆ కంప్యూటర్ వచ్చినప్పటినుంచి ఆమె దాన్ని ఒక్కసారి కూడా ముట్టుకోలేదు. మిరపకాయలు తీసిన చేయి ఎంత కడిగినా ఆ మంట వేళ్లకి అంటుకునే ఉంటుంది. ఆ వేళ్లు తగిలిన కీబోర్డు మీద తను చేయి వేసి, అదే చేత్తో కళ్లు నులుముకుంటే గతేం కావాలని మాస్టారి గోల.

"ఏం కాదమ్మా, ఈ వైరు దగ్గర కాస్త అదిమి పట్టుకోండి" అని చెప్పి నేను కంప్యూటర్ కేబినెట్ వెనక్కి వంగాను. ఆమె వచ్చి డిస్కు మీద చేయి వేశారు.

స్పీకర్లలోంచి మాట వచ్చింది.

"ముట్టుకోమాకని చెప్పానా లేదా మార్తా, ఆ చేతులతో!"

ఆమె చేయి ఠక్కున తీసేశారు. నేను తలెత్తేసరికి స్క్రీన్ మీద డిస్కు బొమ్మ ఉంది. చూస్తుండగానే పోయింది. బయట తొడిమలు తీస్తున్న ఒకావిడ, "అదేందే, మాస్టారి గొంతు!" అని అరిచింది. కాబట్టి నా ఒక్కడి భ్రమ కాదు.

మార్తమ్మగారు ముందు నవ్వారు. తర్వాత చెంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చారు. నేనైతే గెలిచినంత సంబరపడ్డాను. కేబుల్ లూజు! నొక్కితే పలికింది, వదిలితే పోయింది. నేను వెనక వంగి ఉంటే ఆ రికార్డింగు ఎవరు మొదలుపెట్టారన్న ప్రశ్న రాకపోలేదు, ఏదో దానంతట అదే మొదలై ఉంటుందిలే అని సర్దిచెప్పుకున్నాను. వేరే వాళ్లు ఆ మాటంటే నేనే ఎగతాళి చేసేవాణ్ణి.

తర్వాత ఎంత నొక్కినా రాలేదు. డిస్కూ కేబులూ షాపుకి తీసుకెళ్లి ఎక్స్‌పి మెషీన్‌కి తగిలించాను. అదే కేబుల్‌తో తగిలించగానే తెరుచుకుంది. లూజు లేదు, ఏమీ లేదు. ఇరవై మూడు పాటలున్నాయి. అప్పుడు డిస్కు వివరాలు చూశాను. అది ఎన్‌టీఎఫ్ఎస్ పద్ధతిలో ఫార్మాట్ చేసిన డిస్కు. విండోస్ 98కి దాన్ని చదవడం రాదు. కేబుల్ మార్చినా, నొక్కినా, మొక్కినా రాదు. ముందే తట్టాల్సిన సంగతి, తట్టనందుకు నన్ను నేనే తిట్టుకున్నాను. ఆ కంప్యూటర్లో ఆ డిస్కు బొమ్మ నా కళ్లతో చూశాను కదా, అది ఎలా వచ్చింది?

ఇరవై మూడు పాటలూ మొదటినుంచి చివరిదాకా రెండుసార్లు విన్నాను. ఆ మాట ఎక్కడా లేదు. ఉండే వీలు కూడా లేదు. పాటలన్నీ బడిలో రికార్డు చేసినవి, ఆమె ఆ గదిలోకి ఎన్నడూ వెళ్లలేదు. మళ్లీ వెళ్లి వాళ్లింట్లో కంప్యూటర్ కూడా అంతా వెతికాను. దానికి మైకే లేదు.

పాటలు సీడీలో ఎక్కించి ఆదివారం నేనే తీసుకెళ్లాను. కూడికలో మాస్టారి గొంతు వినపడగానే జనం కళ్లు తుడుచుకున్నారు. మార్తమ్మగారు ముందు చాప మీద కూర్చుని, ఏడవకుండా, ఆఖరి పాట దాకా చెవులు రిక్కించి విన్నారు. అయిపోయాక నా దగ్గరికి వచ్చారు.

"బాబూ, నన్ను కసిరింది రాలేదే?"

"అది వేరేచోట ఉన్నట్టుందమ్మా, వెతుకుతాను" అన్నాను. కస్టమరుతో నేనెప్పుడూ అబద్ధం ఆడలేదు. ఆ రోజు ఆడాను.

డిస్కు తిరిగిచ్చాను. కావాలంటే ఫార్మాట్ మార్చి ఆ కంప్యూటర్లోనే వినపడేట్టు చేస్తానన్నాను. ఉన్నదున్నట్టే ఉంచమన్నారు.

మరుసటి ఏడు కాయల రోజుల్లో ఆ ఊళ్లో వేరే పని పడి, వాళ్లింటి ముందునుంచి వెళ్లాను. మధ్యాహ్నం, అన్నాల వేళ. తొడిమలు తీసేవాళ్లంతా చేతులు కడుక్కుంటున్నారు. మార్తమ్మగారు లోపల కంప్యూటర్ ముందు కూర్చుని ఉన్నారు. స్క్రీన్ వెలుగుతోంది. డిస్కు మీద ఆమె చేయి ఉంది, కాయలు తీసి ఇంకా కడగని చేయి.

పలకరించకుండా వచ్చేశాను.