వాక్కాయ మురబ్బా మీద జావా చేతిరాత

ఆ రోజుల్లో అమీర్‌పేటలో నా చేతుల మీదుగా పోయినంత సాఫ్ట్‌వేర్ చదువు ఇంకెవరి చేతుల మీదుగానూ పోయి ఉండదు. కోర్సులవాళ్ల నోట్సులన్నీ నా జిరాక్స్ మిషను మీదే పిల్లల్ని పెట్టేవి. పొద్దున్నుంచి సాయంత్రం దాకా వేల పేజీలు తిరగేస్తే నా బుర్రకెక్కింది ఒక్కటే, కాగితం ఏ వైపు పెడితే ఇరుక్కోదో. తొమ్మిదో తరగతిలో నేను బడి మానేశానని మా నాయిన చెప్పుకునేవాడు. బడే నన్ను మానేసిందని మా లెక్కల సారు చెప్పేవాడు. (ఇద్దరిలో సారుకే జ్ఞాపకశక్తి ఎక్కువ.)

మధురానగర్‌లో ఒక ఇంటి కింది గదిలో ఉండేవాణ్ణి. నా గదిలోనే ఉండే కుర్రాడు భీమవరం వైపు నుంచి జావా కోర్సుకి వచ్చాడు కాబట్టి వాడి పేరు జావా అయిపోయింది. దువ్విన తల, ఇస్త్రీ చొక్కా, పాలవాడిని కూడా 'అండీ' అనే నోరు, అన్నిటికీ మించి అచ్చు వేసినట్టుండే చేతిరాత. పైన ఉండే ఓనర్ ఆంటీది కూడా ఆ వైపే. గ్యాసు రాలేదని అర్జీ రాయాలన్నా, వాళ్లబ్బాయి పుస్తకాల అట్టల మీద పేర్లు రాయాలన్నా జావానే పిలిచేది. ఇక ఆదివారం వచ్చిందంటే మెట్ల మీద నుంచి కేక వినబడేది: "బాబూ, పెసరట్లు వేస్తున్నాను, పైకి రా నాన్నా." అదే గది, అదే తలుపు, లోపల ఇద్దరం. నాకు వచ్చే పిలుపు వేరు: "జిరాక్స్ అబ్బాయీ, మోటారు ఆపావా?" వాడికి రేపో మాపో పెద్ద ఉద్యోగం వస్తుందని నేను ఎన్నడూ కుళ్లుకోలేదు. పెసరట్ల కోసం కూడా కాదు (కొంచెం అల్లం పచ్చడి కోసం). ఆ 'నాన్నా' అన్న మాట దగ్గరే నా కడుపు మండిపోయేది. ఒక్కసారి నన్ను కూడా అలా పిలిస్తే చాలనుకునేవాణ్ణి.

ఆ వానాకాలం మోటారు ఆపడానికే ఇంటి వెనక్కి పోయి, పగిలిన పూలకుండీల పక్కనున్న ముళ్లపొదలో చొక్కా తగిలించుకున్నాను. ఎవరూ నాటలేదు, ఎవరూ నీళ్లు పోయలేదు. కొట్టించేయాలని ఆంటీ ఎప్పటినుంచో అంటున్న పొద. చొక్కా విడిపించుకుంటూ చూస్తే ఆకుల కింద గుత్తులు గుత్తులుగా వాక్కాయలు, కొన్ని గులాబీ రంగులో, కొన్ని ముదురు ఎరుపులో. చిన్నప్పుడు బడి ఎగ్గొట్టి గొర్రెల వెంట తిరుగుతూ తిన్న కాయలే. బడి ఎగ్గొట్టినందుకు మొదటిసారి ఒక లాభం కనబడింది.

పక్కింటి ఖాలా మురబ్బాలు పెట్టడంలో చెయ్యి తిరిగిన మనిషి. ప్రహరీ గోడ మీదుగా కాయలు చూపించి అడిగితే చక్కెర పాకం, యాలకుల పొడి అన్నీ చెప్పి, చివర వేలు చూపించి మరీ హెచ్చరించింది: "కాయ కోస్తే జిగురు కారుతది బేటా. పాన్ల వేసే సున్నం జర నీళ్లల్ల కలిపి కాయల్ని ఒక పూట నాననియ్యి. గది మరిచినవనుకో, వగరుకు నాలుక పట్టుకపోతది."

ఒక్కొక్క కాయా చీల్చి, గింజలు తీసి, సున్నపునీళ్లలో నానబెట్టి, కడిగి, కిరసనాయిలు స్టవ్వు మీద తీగపాకం పట్టి మురబ్బా చేశాను. కాఫీ సీసాలో పోస్తే కెంపులు పోసినట్టుంది. ఇంత అందమైన సీసాకి చీటీ లేకపోతే ఎలా? నేను రాస్తే కోడి కెలికినట్టుంటుంది. అందుకని జావా చేత 'వాక్కాయ మురబ్బా' అని రాయించి అంటించాను. మనిషి తెలివితక్కువతనానికి హద్దుండదని అప్పటికి నాకు తెలియదు. ముందు ఆంటీ రుచి చూడాలి, ఎవరు చేశారా అని ఆశ్చర్యపోవాలి, అప్పుడు దర్జాగా నేను బయటపడాలి అనుకుని ఆదివారం పొద్దున్నే సీసాని ఆవిడ గుమ్మంలో పెట్టి వచ్చాను.

గంటలో ఆంటీ పెసరట్ల పళ్లెంతో స్వయంగా కిందికే దిగి, నా మీదుగా చెయ్యి చాచి జావాకి అందించింది. చీటీ మీద రాత చూడగానే గుర్తుపట్టిందట. జావా కంగారుగా తాను కాదని, అన్న చేశాడని చెప్పాడు. ఆంటీ నన్నొకసారి పైనుంచి కిందికి చూసి, "చేసిన పని కూడా పక్కవాడిదని చెప్తాడు, ఎంత అణకువో" అని మురిసిపోయింది.

నేను ఆగలేక చేతులు చాపాను. "చూడుండ్రి ఆంటీ, కాయల జిగురుకు చేతులెట్ల నల్లవడ్డయో."

"అది మీ జిరాక్స్ మసి కదయ్యా. ఆ చేతులతో రెయిలింగ్ ముట్టుకోకు, మొన్ననే రంగు వేయించాం."

వారం తిరక్కుండా బేగంపేటలో ఉండే ఆంటీ చెల్లెలికి కూడా ఒక సీసా కావాల్సి వచ్చింది. చెయ్యమని జావాకి పురమాయించింది. వాడు నా దగ్గరికి వచ్చి, నువ్వే చేసిపెట్టు అన్నా అని బతిమాలాడు. మళ్లీ నేను చేసి మళ్లీ వాణ్ణి మెచ్చుకుంటుంటే వినాలా? నీ చేత్తోనే చెయ్యి తమ్మీ, నేను నేర్పిస్తానన్నాను. అన్నీ నేర్పించాను. యాలకులు ఎలా దంచాలో రెండుసార్లు చెప్పాను. సున్నపునీళ్ల సంగతి ఒక్కటే చెప్పలేదు. (ఆ రోజు నా మొహం ఎంత సాధువుగా ఉందో అద్దంలో చూసుకుని నేనే మెచ్చుకున్నాను.)

ఆంటీ మా ఇద్దరి ముందే చెంచాడు నోట్లో వేసుకుంది. మూతి ముడుచుకుపోయింది, ఒక కన్ను మూసుకుపోయింది. కాసేపటికి నాలుక స్వాధీనంలోకి తెచ్చుకుని, నేరుగా నా వైపు తిరిగింది. "ఇందులో నువ్వు చెయ్యి పెట్టావా, జిరాక్స్ అబ్బాయీ?"

జావా ఏదో చెప్పబోతే, "నువ్వూరుకో నాన్నా, నువ్వలాగే వెనకేసుకొస్తావు" అని ఆపేసింది.

చాలా ఏళ్లు గడిచాయి. నా కొట్టు పంజాగుట్టకి మారింది, నా జుట్టు తెల్లబడింది. మొన్న జావా తన కూతురి బడి కాగితాలు జిరాక్స్ తీయించుకోవడానికి వచ్చాడు. ఇప్పటికీ ఇస్త్రీ చొక్కానే. మిషను తిరుగుతుండగా మనసు ఆగక, ఆ సున్నపునీళ్ల సంగతి కావాలనే దాచానని ఒప్పేసుకున్నాను. వాడు నవ్వి, తనకి ముందే తెలుసన్నాడు. ఖాలా నాకు చెప్తున్నప్పుడు గోడ ఇవతల బట్టలు ఆరేస్తూ అంతా విన్నాడట.

"మరెందుకు ఎయ్యలే?" అన్నాను.

"నాది పాడైతే, మొదటిది నువ్వే చేశావని ఆంటీ నమ్ముతారనుకున్నానన్నా."

చదువులో, రాతలో, మర్యాదలో వాడు ముందున్నా, దొంగతెలివిలో మాత్రం నేనే ముందున్నానని ఇన్నేళ్లూ ఒక మూల తృప్తి ఉండేది. అందులోనూ వాడే ముందు, పైగా నా కోసం. కాగితాలు సర్దుకుంటూ జావా నా మొహంలోకి ఒక్క క్షణం చూశాడు.

"ఇప్పుడు దీనికి కూడా కుళ్లుకుంటున్నావు కదా అన్నా?"