కుర్చీ ఎక్కనివాడి మత్తు

ఇన్నేళ్లుగా నా ప్రశ్నకు ఎవరూ జవాబు చెప్పలేదు. నవ్వారు, భుజం తట్టారు, మాట మార్చారు. ఎవరెవరు నవ్వారో నాకు గుర్తుంది.

ప్రత్యేక రాష్ట్రం రాకముందు, గోదావరిఖనిలో మా బొగ్గుగనికి కుర్చీలు వచ్చాయి. ఇనుపతాడుకు వేలాడే కుర్చీలో కూర్చుంటే అదే పైకి లాక్కెళ్లేది. అంతకుముందు షిఫ్టు అయ్యాక ఏటవాలు దారంతా నడిచి ఎక్కాల్సిందే. అందరికీ పండగైంది. నేను మాత్రం నడక మానలేదు. గంజాయి మానేసిన కొత్తలో నన్ను నిలబెట్టింది ఆ ఎక్కడమే. సగం దారిలో ఊపిరి ఎగపోసేది. ఆ తర్వాత ఒళ్లు దూదిలా తేలికయ్యేది. పైన వెలుతురు కనబడగానే ఊరికే నవ్వొచ్చేది.

"ఏంది బావా, కుర్చీ ఉండంగ కాళ్లు అరగదీసుకుంటున్నవ్?" అని మా చెల్లెలి మొగుడు పక్కనుంచి కుర్చీలో పోతూ అరిచేవాడు.

"నువ్వు కూసోని ముసలోనివైతున్నవ్, నేను ఎక్కి పోరన్నైతున్న!"

ఒక మధ్యాహ్నం ఆ నవ్వుతోనే బయటికొస్తే, షిఫ్టు చూసే ఓవర్‌మన్ పట్టుకున్నాడు.

"మళ్ల గంజాయి గుంజినవా? నోరు తెరువు. ఊదు."

ఊదాను. వాసన లేదు. చుట్టూ ఉన్నవాళ్లు కడుపులు పట్టుకుని నవ్వారు. నాకూ నవ్వు ఆగలేదు. దాంతో ఆయన అనుమానం ఇంకా పెరిగింది.

"దవాఖానకు తోలుండ్రి!"

అందరిముందు ఊదమన్న ఆ మాట ఇప్పటికీ మరచిపోలేదు.

డాక్టరమ్మ పరీక్షించి, నేనేమీ తాగలేదని తేల్చింది. గంజాయి మత్తులాంటిదాన్ని మన మెదడే కొంచెం కొంచెం తయారు చేసుకుంటుందట. బయటి గంజాయి రోజూ పడితే, దాన్ని అందుకునే చోట్లు మెదడులో తగ్గిపోతాయట. మానేస్తే మెల్లగా కోలుకుంటాయట. చెమటోడ్చి ఎక్కితే ఆ సొంత సరుకు పెరుగుతుందట.

"అంటె నా గంజాయి నేనే పండిస్తున్ననా, మేడం?"

"గట్లనే అనుకో. పోలీసోళ్లు గూడ పట్టుకోరు" అని ఆమె కూడా నవ్వింది.

అప్పుడే అడిగాను: "ఎక్కుడు బందైతె అది గూడ బందైతదా? మళ్ల పాతదాని మీదికి మనసు గుంజుతదా?"

ఇంతలో పక్క వార్డు నుంచి పిలుపొచ్చింది. "మళ్లొచ్చినప్పుడు చెప్త" అని వెళ్లింది. నేను మళ్లీ వెళ్లేసరికి ఆమెకు బదిలీ అయింది. తర్వాత వచ్చినవాళ్లు, "మానినవ్ గదా, ఇంకేం ఫికర్?" అని మాత్రలు రాసి పంపారు.

ఫికర్ ఇదీ. రాష్ట్రం వచ్చిన రోజు చౌరస్తాలో డప్పుకు అందరితో పాటు నేనూ ఎగిరాను. మెదడు ఒప్పుకుంది, మోకాళ్లు ఒప్పుకోలేదు. నవ్వుతూనే కుంటుకుంటూ ఇంటికొచ్చాను. ఇక నేనూ కుర్చీ ఎక్కక తప్పదు. కుర్చీలో కూర్చున్నవాడి తలలో ఆ సరుకు పుడుతుందా, పుట్టదా? ఆ దవాఖానలో తెల్లకోటు వేసుకున్నవాళ్లు ఎవరైనా సరే, ఈసారి మాత్రలు రాయొద్దు. జవాబు చెప్పండి.