ఆరు పళ్ల బండ

అన్న ఫోన్ చేసి అడిగినప్పుడు ఎగతాళి చేస్తున్నాడనుకున్నాను. "ఏంరా, బండ నేల మీద జారేది కంప్యూటర్‌లో చేస్తాండావంట గదా. మన జత ఆరు పళ్ల బండను లాగుతాదా లాగదా, సూసి చెప్పు" అన్నాడు.

అప్పుడు నేను కర్నూలులో ఎం.టెక్ చదువుతున్నాను. అన్న వేంపల్లె దగ్గర మా ఊళ్లో సేద్యం చేస్తూ, బండలాగుడు పందేలకని ఒక జత ఎద్దులను మేపుతున్నాడు. ఆ పందేల్లో ఎద్దుల పళ్లను చూసి విభాగం తేలుస్తారు. పళ్లు పెరిగేకొద్దీ బండ బరువూ పెరుగుతుంది. అన్న జత ఆ ఏడు నాలుగు పళ్ల నుంచి ఆరు పళ్లలోకి వచ్చింది. అయితే కిందటి పందెంలో కాడి ఒత్తుకుని ఎడమవైపు ఎద్దుకు మెడ వాచింది. వాపు తగ్గింది గానీ చెయ్యి వేస్తే ఇంకా తల తిప్పుకుంటోంది. మరింత పెద్ద బండకు కట్టి ఆ మెడ కాస్తా చెడిపోతే, అది మళ్లీ కాడి మోసేది లేదు. ఊళ్లో మాత్రం అన్న జత ఈసారీ పందెంలోకి దిగుతుందని అప్పటికే అందరికీ తెలిసిపోయింది.

ఒక ఘనవస్తువు ఇంకోదాని మీద జారడాన్ని సాఫ్ట్‌వేర్‌లో లెక్కగట్టడం నా ప్రాజెక్టు. తోటివాళ్లు బ్రేకులూ గేర్లూ తీసుకుంటే నేను పందెం బండను తీసుకున్నాను. పెద్ద తెలివి చూపించానని లోలోపల పొంగిపోయాను కూడా. బండనూ నేలనూ చిన్న చిన్న ముక్కలుగా విడగొట్టి ఇస్తే, ఏ ముక్క మీద ఎంత ఒత్తిడి పడుతుందో సాఫ్ట్‌వేర్ చెబుతుంది. పెట్టెలాంటి బండ, కింద నేల, ముందు నుంచి లాగే బలం. ఇందులో కష్టమేముంది అనుకున్నాను.

అది అసలు నడవనే లేదు. తెర మీద బండ నేలను ఆనుకునే ఉంది, నా కళ్లకు కనిపిస్తూనే ఉంది. సాఫ్ట్‌వేర్ మాత్రం దానికి ఆధారమే లేదంటుంది. బరువు వేయగానే బండ పాతాళానికి పోతుంది, లెక్క ఆగిపోతుంది. తలకిందులుగా తపస్సు చేసినా అంతే. నేలను మా చేని నేలలాగే ఎగుడుదిగుడుగా గీయాలన్న ముచ్చట కొద్దీ, రెండింటి మధ్య కంటికి ఆనని సందు వదిలేశానని చాలా ఆలస్యంగా తెలిసింది. పందెం జరిగే నేలను ముందుగా ట్రాక్టరుతో చదును చేస్తారు, చిన్నప్పటి నుంచీ చూసినవాణ్ణే. అయినా ఆ గుంతలన్నీ శ్రద్ధగా గీసి పెట్టాను. సందు మూసి, బండను మెల్లగా నేల మీద కూర్చోబెట్టి, ఆ తర్వాత లాగితే కదిలింది.

కదిలాక ఇంకా అయోమయంలో పడ్డాను. బండకూ నేలకూ మధ్య రాపిడి ఎంతో ఒక అంకె నేనే ఇవ్వాలి. పుస్తకంలో ఒకటి దొరికితే వేశాను. లాగడానికి ఎంత బలం కావాలో వచ్చింది. ఇంకో పుస్తకంలో అంకె వేరేగా ఉంది, అది వేస్తే జవాబూ మారింది. తగ్గిస్తే తగ్గింది, పెంచితే పెరిగింది. నేను పెట్టిందే తిరిగి నాకు పెడుతోంది. మరి నేను కనుక్కున్నదేమిటి? మా గైడును అడిగితే, బండ ముందు అంచు దగ్గర ఒత్తిడి ఎక్కువని చూపే ఎర్రరంగు చూసి మురిసిపోయి, "బొమ్మ చాలా బాగా వచ్చింది, ఇది చాలు" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. అన్నకు చెప్పాల్సింది ఎర్రరంగు గురించి కాదు కదా.

పందెం దగ్గర పడుతుండగా అన్న మళ్లీ ఫోన్ చేశాడు.

"ఏమంటాండాది రా కంప్యూటరు?"

"తెలీదన్నా."

"దానికి తెలీదా, నీకు తెలీదా?"

"ఇద్దరికీ తెలీదు."

అన్న "సరేలే" అని పెట్టేశాడు. అంత చదివి తెలీదని చెప్పాల్సి వచ్చినందుకు సిగ్గుతో చచ్చిపోయాను.

రెండు రోజులకు ఊరి నుంచి ఒకాయన ఫోన్ చేసి, "ఏమప్పా, మీ కంప్యూటరు మీ జతను దించొద్దనిందంట గదా" అన్నాడు. నాకు మతిపోయింది. నేనలా అననేలేదు. చేయని లెక్కను నా నెత్తిన రుద్దినందుకు అన్న మీద కోపం ముంచుకొచ్చి, మరునాడే బస్సెక్కి ఊరికి పోయాను.

అన్న కొట్టంలో ఎద్దు మెడకు ఆముదం రాస్తున్నాడు.

"నేనెప్పుడు వద్దన్నాను? తెలీదన్నాను" అన్నాను.

"తెలీదంటివి గదా. తెలీకుండా దీని మెడ మీద కాడి ఎట్లా పెడతా?" అన్నాడు, రాయడం ఆపకుండానే. "నాకు బయమైతాందని ఊళ్లో చెప్పలేకపోయినా రా. ఎవురన్నా వద్దంటే బాగుండునని శానా సూసినా. ఒక్కరూ అనలా."

అన్న నన్ను లెక్క అడుగుతున్నాడనే ఇన్నాళ్లూ అనుకున్నాను. కోపం ఎటు పోయిందో తెలియలేదు. అంతలో పక్కింటి ఆయన కొట్టం వాకిట్లో నిలబడి, "నిజమేనా అప్పా? లాగదనే వచ్చిందా?" అని నన్నే అడిగాడు. అన్న చెయ్యి ఎద్దు మెడ మీద ఆగిపోయింది.

"నిజమే మామా, లాగదనే వచ్చింది" అన్నాను.