కొన్న నీళ్లు

"కొళాయి తిప్పితే బోరు నీళ్లొస్తుంటే డబ్బాల్లో కొనుక్కోవడమేంటి వదినా?" అన్నాను.

"గా నీళ్లు గిన్నెలు తోమనీకే వదినా. పప్పు గూడ ఉడకది," అంది మా అమ్మాయి అత్తగారు.

అమలాపురం నుంచి ఇస్నాపూర్‌లో వాళ్లింటికి సెలవులకు వచ్చాం. పప్పు ఉడకని నీళ్లు నేనెక్కడా చూడలేదు. పంతం పట్టి బోరు నీళ్లతోనే కందిపప్పు పెట్టాను. కుక్కర్ కూతలు పెడుతూనే ఉంది గానీ మూత తీస్తే పప్పు పలుకులు పలుకుల్లాగే ఉన్నాయి. ఫ్యాక్టరీ నుంచి ఆకలితో వచ్చిన అల్లుడు కంచం ముందు కూర్చున్నాడు.

వదిన కుక్కర్‌లోకి తొంగి చూసింది. "నీళ్ల పైసలు మిగిలినయ్ వదినా. గ్యాసే ఒడిసింది," అంటూ అతనికి పచ్చడి వడ్డించింది.

మర్నాడు పొద్దున నీళ్ల ఆటో వచ్చేసరికి ఖాళీ డబ్బాతో గేటు దగ్గర నేనే నిలబడి ఉన్నాను.